ఒకే గొంతుతో పలికిన బ్లేడ్లు

మార్చి 3, సోమవారం

ఇంజిన్ చప్పుడు తగ్గింది. స్వెటర్ మాత్రం తగ్గలేదంటున్నాడు. ఇంజిన్‌కి అబద్ధమాడే అవసరం లేదు.

ఇవాళ పదమూడో రన్, రెండున్నర గంటలకి పైనే. పోయిన నెల ఇదే స్పీడ్‌లో తిప్పినప్పుడు షెడ్డు రేకులు అదిరి, నా పళ్ళు కటకటలాడాయి. ఇవాళ రేకులు అదురుతూనే ఉన్నాయి కానీ ఆ రంపపు కోత లేదు. గొంతు మెత్తబడింది. సంబరంగా ఇన్‌స్ట్రుమెంట్ రూమ్‌కి వెళ్ళి చూస్తే స్క్రీన్ మీద అవే డెసిబెల్స్. పైగా ఒకటి ఎక్కువ.

స్వెటర్ మా మైకుల ఇంజినీర్. ఆ గదిలో ఏసీకి వణుకుతూ ఏడాది పొడుగునా ఒకటే బూడిదరంగు స్వెటర్ వేసుకుంటాడు. మోచేతుల దగ్గర చిరిగింది కూడా. ఇంజిన్ చుట్టూ అర్ధచంద్రాకారంలో పద్దెనిమిది మైకులు నిలబెట్టాడు. అవి ఏం చెబితే ఇక్కడ అదే వేదవాక్కు. చప్పుడు తగ్గింది కదా అని అడిగాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, లేదు మేడమ్, అలాగే ఉంది అన్నాడు.

ఆ ఒక్క క్షణం ఎందుకు పట్టింది?

మార్చి 5, బుధవారం

మా ఆయన బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నారు. నేను తలుపు తీయగానే, సరే మళ్ళీ చేస్తానని పెట్టేశారు. ఎవరని అడిగితే షాపు విషయం అన్నారు. కళ్ళజోళ్ళ షాపులో అంత రహస్యం ఏముంటుందో!

భోజనాల దగ్గర మాత్రం షాపు కబుర్లు మొదలుపెట్టారు. చూపు తగ్గినవాళ్ళెవరూ నాకు చూపు తగ్గిందండీ అంటూ రారట. పేపర్లో అక్షరాలు ఈమధ్య మరీ చిన్నగా వేస్తున్నారని తిట్టుకుంటూ వస్తారట. చెబుతూ నా వంక అదోలా చూశారు. నా కళ్ళకేం, సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తాను అన్నాను. ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

మార్చి 7, శుక్రవారం

తమ్ముడు వచ్చాడు. ఫ్లైట్ తేదీ ఖాయమైందట. 24.

వాడు ఫ్లైట్ టెస్ట్ ఇంజినీర్. మా ఇంజిన్‌ని విమానం తోక దగ్గర బిగించి మొదటిసారి గాల్లోకి తీసుకెళ్ళేటప్పుడు లోపల ఉండేది పైలట్లిద్దరూ, వీడూ. నాకు పదేళ్ళప్పుడు పుట్టాడు. వాడికి నడక నేర్పింది నేనే. ఎంత పొడుగైనా నాకు వాడు అంతే.

మామూలు ఇంజిన్ బ్లేడ్ల చుట్టూ గట్టి డబ్బా ఉంటుంది. బ్లేడు విరిగినా దాంట్లోనే ఆగిపోతుంది. మా ఓపెన్ రోటర్‌కి డబ్బా లేదు. ముందు వరసలో పన్నెండు, వెనక వరసలో పది, ఒకదానికొకటి ఎదురు తిరుగుతూ బయటే ఉంటాయి. డబ్బా గొడవ లేదు గనక బ్లేడ్లు పెద్దవి చేసుకోవచ్చు, ఇంధనం బోలెడు ఆదా. బాగానే ఉంది. కానీ చప్పుడుకి అడ్డు లేదు, విరిగిన బ్లేడుకీ అడ్డు లేదు. అందుకని విమానం పక్కగోడకి దళసరి పలకలు తాపడం చేశారు. ఆదా అయిన ఇంధనంలో సగం ఆ పలకల బరువే మింగేస్తోందని తమ్ముడు జోకులేస్తాడు. ఇంత పెద్ద బ్లేడ్లు రెక్క కింద పట్టవు, అందుకే తోక దగ్గర. వాడి సీటు సరిగ్గా వాటి వరసలోనే ఉంది. ముందుకి జరుపుకోరా అంటే వైర్లు చాలవంటాడు.

అడ్డు లేదు కాబట్టి అసలు విరగకుండా చూడాలి. అది నా పని. రన్ అయ్యాక ప్రతి బ్లేడునీ గుర్తులు పెట్టిన పదకొండు చోట్ల చిన్న ఇత్తడి సుత్తితో తట్టి వింటాను. పొరలు పొరలుగా అతికించి చేసిన బ్లేడు. లోపల పొర విడిపోతే పైకి ఏమీ కనపడదు, చప్పుడు మారుతుంది. గట్టి బ్లేడు ఖంగుమంటుంది. విడినది డొప్పుమంటుంది. పద్నాలుగేళ్ళుగా ఈ చెవిని నమ్ముకుని బతుకుతున్నాను. ఎదురుగా అందరూ మేడమ్ అంటారు. వెనకాల సుత్తమ్మ అంటారని నాకు తెలుసు.

మార్చి 8, శనివారం

కోడలు ఈమధ్య ఊరికే అరుస్తోందని అత్తగారు పక్కింటావిడతో చెప్పారట. నేనా? నేను అరిచానా?

మార్చి 11, మంగళవారం

పద్నాలుగో రన్. చప్పుడు ఇంకా తగ్గింది. స్వెటర్ స్క్రీన్ మీద మళ్ళీ అవే నంబర్లు.

చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకుని విన్నది లెక్కలోకి రాదని అతను అనొచ్చు. నేను మఫ్‌లు తీసి కూడా విన్నాను. రూల్స్ ఒప్పుకోవు. కానీ డబ్బా ఇంజిన్ల రోజుల నుంచీ నాకిది అలవాటు. ఇంజిన్ గొంతు రెండు నిమిషాలు నేరుగా వింటే, తర్వాత బ్లేడు తట్టేటప్పుడు చెవికి దారి తెలుస్తుందని ఈ పని నేర్పిన పెద్దాయన అనేవాడు. అప్పట్లో రెండు నిమిషాలు. ఈమధ్య ఐదారు నిమిషాలు కూడా ఉంచేస్తున్నాను. బాధ లేదు, ఏమీ లేదు. గొంతు అంత మెత్తబడింది.

మరి నంబర్లు ఎందుకు తగ్గడం లేదు? ఎవరికి లాభం? ఆలోచిస్తే ఒకటే తోస్తోంది. పక్క బిల్డింగ్ వాళ్ళు డబ్బా ఇంజిన్ చేస్తున్నారు. మాది గోల ఎక్కువ అని తేలితే మా ప్రాజెక్టు మూసేస్తారు. స్వెటర్ వాళ్ళ మనిషి. మా అందరి చెవుల్లో పువ్వులు పెడుతున్నాడు.

మార్చి 12, బుధవారం

క్యాంటీన్‌లో స్వెటర్, పక్క బిల్డింగ్ ఆవిడ కలిసి టీ తాగుతున్నారు. నేను వెనక టేబుల్ దగ్గర కూర్చుని చెవులు రిక్కించాను. పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాట బయటికి పొక్కడం లేదు. పట్టపగలు, నలుగురిలో, అంత గుసగుసలు!

నా అనుమానం నిజమే.

మార్చి 14, శుక్రవారం

ఒళ్ళు మండిపోతోంది. సాయంత్రం పార్కింగ్‌లో స్వెటర్‌తో మాట్లాడుతున్నది మరెవరో కాదు, నా తమ్ముడు. నన్ను చూసి ఇద్దరూ టక్కున ఆగిపోయారు. ఏంటిరా అంటే, ఏం లేదక్కా, కారు కొనడం గురించి అడుగుతున్నాడు అన్నాడు. స్వెటర్ సైకిల్ మీద వస్తాడు. లైట్ బిల్లు ఎక్కువొస్తుందని ఇంట్లో ఫ్యాన్ కూడా వేయడని పేరు. అతను కారు కొంటాడట!

చిన్నప్పుడు అబద్ధం చెప్పేముందు వీడు మెడ గోక్కునేవాడు. ఇవాళ కూడా గోక్కున్నాడు.

దాచాల్సినంత సంగతి ఏమై ఉంటుంది? ఇంజిన్‌లో లోపం ఉందని వీళ్ళకి తెలుసా? తెలిసి కూడా వీడు ఎక్కుతున్నాడా? ఇంటికొచ్చాక ఆయనకి చెబితే, ఎందుకంత గట్టిగా మాట్లాడతావు, పక్కనే ఉన్నాను కదా అన్నారు. అసలు విషయం వదిలేసి గొంతు మీద పడ్డారు. మాట దాటేయడం అంటే ఇదే. ఈయన కూడా వాళ్ళతో కలిశారేమో.

మార్చి 17, సోమవారం

పదహారో రన్. స్కానింగ్ మెషిన్ యాభై గంటలకొకసారే వస్తుంది. 24 నాటికి మా ఇంజిన్‌కి నలభై ఆరు గంటలే అవుతాయి. అంటే ఫ్లైట్‌కి ముందు ఈ బ్లేడ్లకి నా సంతకమే ఆఖరిది. మా ప్రాజెక్టు చీఫ్ ఈ మాటే చెప్పి, మీరున్నారు కదా, మాకు దిగుల్లేదు అన్నారు. ఆ మాటకి కాస్త పొంగిపోయాను, ఎందుకు దాచాలి.

నిజంగానే దిగుల్లేదు. ఇంత మంచి బ్యాచ్ నా సర్వీసులో చూడలేదు. మొదట్లో ఒక్కో బ్లేడుకీ ఒక్కో గొంతు ఉండేది. ముందు వరసలో మూడోది కాస్త బొంగురు. వెనక వరసలో తొమ్మిదోది కీచు. ఇప్పుడు ఇరవై రెండూ ఒకే గొంతుతో పలుకుతున్నాయి. వాడకంలో సర్దుకున్నాయి. సంతకం పెట్టాను.

నా వైపు నుంచి వాడికి ఏ భయమూ లేదు. ఇక తేలాల్సింది స్వెటర్ సంగతే.

మార్చి 18, మంగళవారం, ఉదయం 7:40

దొరికాడు.

ఎవరూ రాకముందే వచ్చాను. ప్రతి రన్‌కీ ముందు అతను ఒక చిన్న డబ్బా తీసుకెళ్ళి ఒక్కో మైకుకీ తొడుగుతాడు. క్యాలిబ్రేటర్. బటన్ నొక్కితే సన్నగా ఒక కూత పెడుతుంది. ఆ కూత ఎప్పుడూ ఒకే స్థాయి. స్క్రీన్ మీద 114 చూపిస్తే మైకు సరిగ్గా ఉన్నట్టు. నాకూ తెలుసు, ఎన్నిసార్లు చూశానో.

డ్రాయర్‌లోంచి తీసి బటన్ నొక్కాను. పచ్చ లైటు వెలిగింది. కూత లేదు. చచ్చిపోయింది. బ్యాటరీ మార్చాను. అయినా లేదు. గదిలో ఉన్న స్పేర్ మైకుకి తొడిగి స్క్రీన్ చూశాను. 114.0.

కూతే లేదు, 114 ఎక్కడి నుంచి వస్తోంది? ఆ నంబర్ ముందే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఉంచాడు. ఇన్నాళ్ళూ చచ్చిన డబ్బాతో నాటకమాడుతున్నాడు.

12:30

డబ్బా నా బ్యాగులో ఉంది. స్వెటర్ గదంతా వెతుకుతున్నాడు. వెతకనీ. రేపు ఫ్లైట్ రివ్యూ మీటింగ్. అందరి ముందూ బల్ల మీద పెడతాను. ఫ్లైట్ ఆగినా సరే. దొంగ నంబర్ల మీద నా తమ్ముణ్ణి పైకి పంపను.

మార్చి 19, బుధవారం

మీటింగ్ అయింది. ఇవాళ రాయలేను.

మార్చి 20, గురువారం

రాస్తాను. ఇప్పుడు రాయకపోతే రేపు ఇంకోలా మార్చి రాసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

బల్ల చుట్టూ తొమ్మిది మందిమి. చీఫ్ నా వంతు రాగానే బ్లేడ్లు ఓకేనా అన్నారు. బ్లేడ్లు ఓకే, మైకులే ఓకే కాదు అన్నాను. స్వెటర్ చేసిందంతా ఏకరువు పెట్టాను. పక్క బిల్డింగ్ ఆవిడతో టీలు, పార్కింగ్‌లో మంతనాలు, ఏదీ వదల్లేదు. అతను తల వంచుకుని స్వెటర్ చిరుగు లాక్కుంటూ కూర్చున్నాడు. అది తప్పు చేసినవాడి వాలకం అనుకున్నాను. బ్యాగులోంచి డబ్బా తీసి బల్ల మధ్యలో పెట్టి బటన్ నొక్కాను. వినండి, ఏమైనా వినపడుతోందా, చచ్చిపోయింది అన్నాను.

చీఫ్ కనుబొమలు ముడేశారు. నా పక్కనున్నావిడ చేయి పైకెత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఒకాయన నన్ను చూసి, డబ్బాని చూసి, మళ్ళీ నన్ను చూశాడు. నేను గెలిచాననుకుంటూ నిలబడే ఉన్నాను. ఎంతసేపు నిలబడ్డానో! తమ్ముడు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. నా చేతి కిందనుంచి డబ్బా తీసి బటన్ ఆపేశాడు. అక్కా, అది మోగుతూనే ఉంది అన్నాడు. చాలా మెల్లగా అన్నట్టున్నాడు. నాకు సగం వినపడింది, సగం వాడి పెదవుల మీద చూశాను.

తల తీసేసినట్టయింది. కానీ ఆ క్షణంలో నాకు ముందు గుర్తొచ్చింది నా చెవి కాదు, నా పరువు కాదు. ఇరవై రెండు బ్లేడ్లు ఒకే గొంతుతో పలికాయి. బొంగురుది బొంగురుగా లేదు, కీచుది కీచుగా లేదు. బ్లేడ్లు సర్దుకోలేదు. నాకు తేడా తెలియడం మానేసింది.

ఇంజిన్ గొంతూ మెత్తబడలేదు. డబ్బా ఇంజిన్ దగ్గర చెల్లిన అలవాటు, డబ్బా లేని ఇంజిన్ దగ్గరికి తెచ్చుకున్నాను. అది నా చెవుల్ని తిన్నది.

చీఫ్ పోనీలెండి అన్నారు. పనివల్ల వచ్చిన ఇబ్బంది, సెలవు పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి, బ్లేడ్లకి సంతకాలు ఎలాగూ అయిపోయాయి కదా, 24 అలాగే ఉంటుంది అన్నారు. తలలు ఊపారు ఒకరిద్దరు. అందరికీ ఫ్లైట్ కావాలి. నేను నోరు మూసుకుని బయటికి నడిస్తే చాలు, పద్నాలుగేళ్ళ పేరు పేరుగానే ఉంటుంది, చెవి జబ్బు జబ్బుగా ఉంటుంది. రెండూ కలిపి చూసేవాడు అక్కడ ఎవడూ లేడు, స్వెటర్ తప్ప. అతను ఇప్పుడు నా మొహంలోకే చూస్తున్నాడు. మొదటి రోజు చూసినట్టే.

లాగ్‌బుక్ తెప్పించాను. బ్లేడ్ల గొంతుల్లో తేడా రాయడం ఏ రన్ నుంచి మానేశానో వెనక్కి తిప్పి చూసుకున్నాను. పదో రన్. అక్కడి నుంచి పదహారు దాకా నా సంతకాలన్నీ నా చేత్తోనే కొట్టేశాను. ఈ బ్లేడ్లు నేను వినలేదు అని పక్కన రాశాను. కొట్టివేతలు వంకరగా వచ్చాయి.

చీఫ్ ఏదో అన్నారు. నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను. అలా అడగడం నాకు అదే మొదటిసారి.

మార్చి 21, శుక్రవారం

స్కానింగ్ మెషిన్‌ని ముందుగా పంపరట. పంపాలంటే ఏదైనా ఆధారం చూపించాలట. సరే, ఆధారం వెతుకుతాను అన్నాను.

నాకు చెవి కావాలి. ఈ షెడ్డులో చప్పుళ్ళ తేడా పట్టగలిగినవాడు ఒక్కడే. మొహం చెల్లక తలుపు దగ్గర నిలబడ్డాను. మొన్న నిన్ను దొంగని చేశాను, తప్పు నాది, క్షమించు అన్నాను. స్వెటర్ నవ్వలేదు, కోప్పడలేదు. ఇలా రండి అని చేత్తో సైగ చేసి, ముందు వరస దగ్గరికి నడిచాడు.

నేను తట్టాను. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. ప్రతి దెబ్బకీ వేళ్ళతో చెప్పాడు, బొటనవేలు పైకెత్తితే మంచిది. ముందు వరస మూడోది కాస్త బొంగురు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అది అలాగే ఉంది, మారలేదు.

వెనక వరస ఆరో బ్లేడు. మొదలు దగ్గర ఏడో గుర్తు. బొటనవేలు లేవలేదు. మళ్ళీ తట్టమన్నాడు. ఎనిమిదో గుర్తుకి లేచింది, ఏడుకి మళ్ళీ లేవలేదు. నాకు రెండూ ఒకటే. బ్లేడుకి చెంప ఆనించి తట్టాను. ఎముకలోకి ఏదో మొద్దుగా దిగింది. ఖంగుమనలేదు.

మధ్యాహ్నానికి మెషిన్ వచ్చింది. అరచేయంత మేర పొర విడింది. 24న విరిగేదా అంటే, విరిగేదో విరగకపోయేదో ఎవరూ చెప్పలేరు అన్నారు. తమ్ముడు ఆ మచ్చని స్క్రీన్ మీద చాలాసేపు చూశాడు. తర్వాత నా సుత్తి తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఎందుకురా అంటే ఊరికే అంటూ మెడ గోక్కున్నాడు.

ఫ్లైట్ ఆగింది.

మార్చి 22, శనివారం

ఆయన చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, కూత వినపడితే బటన్ నొక్కమన్నారు. నొక్కకుండా కూర్చున్న ఆ ఖాళీలన్నీ కాగితం మీద గీతగా వచ్చాయి. సగానికి పైగా కిందికి జారిన గీత. ఇక తిరిగి రాదు అన్నాడు డాక్టర్. చెవికి మిషన్ పెట్టుకోవచ్చు, బ్లేడ్లు వినడానికి మాత్రం పనికిరాదు అన్నాడు. ఆ చివరి మాట కాగితం మీద రాయించుకున్నాను, నేను మళ్ళీ ఇంకోలా అర్థం చేసుకోకుండా.

రిసెప్షన్‌లో నా పేరు మీద రెండు పాత అపాయింట్‌మెంట్లు కనపడ్డాయి. 6వ తేదీది, 13వ తేదీది. రెండూ తీసుకుని రెండూ క్యాన్సిల్ చేసింది ఆయనే. బాల్కనీ ఫోన్లు అవి. ఎలా చెప్పాలో తెలియలేదు అన్నారు. స్వెటర్ తమ్ముడితో పార్కింగ్‌లో మాట్లాడింది కూడా ఇదేనట, మేడమ్‌కి ఎవరు చెప్తారని. నాకు చెబుదామని రెండుసార్లు వచ్చి, నా మొహం చూసి వెళ్ళిపోయాడట తమ్ముడు.

కారులో కోపంతో ఊగిపోయాను. అందరికీ తెలుసు. తెలిసి, బ్లేడ్ల మీద నా సంతకాలు పడుతుంటే చూస్తూ కూర్చున్నారు. వాటి వరసలో కూర్చునేవాడు కూడా! ఇల్లు చేరేసరికి ఆ కోపం ఎవరి మీద నిలబడాలో తెలియక నా మీదకే వచ్చింది. వాళ్ళు నా చెవికి భయపడలేదు. నా నోటికి భయపడ్డారు. అక్కతో పేచీ పెట్టుకోవడం కంటే బ్లేడు పక్కన కూర్చోవడమే వాడికి తేలికనిపించింది.

అత్తగారి గదిలోకి వెళ్ళి, నేను అరుస్తున్న మాట నిజమే అన్నాను. మెల్లగానే అన్నాననుకుంటాను. ఆవిడ నా చేయి పట్టుకుని ఏదో అన్నారు. ఏమన్నారో మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను. కూర్చో అన్నారు, అంతే.

ఏప్రిల్ 17, గురువారం, ఉదయం 10:20

కొత్త బ్లేడు. ఎవరిదో కొత్త సంతకం. ఇవాళే ఫ్లైట్, తమ్ముడు లోపల ఉన్నాడు. రన్‌వే చివర కంచె దగ్గర నిలబడి నేను ఆకాశం వంక కాకుండా స్వెటర్ వంక చూస్తున్నాను.

అతను తల పైకెత్తాడు.

నేనూ ఎత్తాను.